జంట తీగెల కథ

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణములో జరిగిన సంగీత సభను ధ్వనిముద్రణము చేయుటకు మేము వెళ్ళితిమి. పాడినవారు ఎనుబది యేండ్లు దాటిన విద్వాంసులు. గొంతు సన్నగిల్లినది గాని శ్రుతి సడలలేదు. వేదిక ప్రక్కనున్న మిక్సరు నుండి వెనుకగదిలోని మా పెట్టె వరకు అరువది మీటర్ల తీగె పరచితిమి. కచేరీ సాగినంతసేపు తంబురా క్రింద మరియొక శ్రుతి వినవచ్చుచునే యుండెను. అది గోడలలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో చేయు గుంయిమను రొద. తీగె మార్చుటకు వ్యవధి లేకపోయెను. ప్రసారశాలకు వచ్చిన పిమ్మట ఆ రొదను వడగట్టబూనితిమి. రొదతోపాటు తంబురా నిండుదనమును పోయినది. మరుసటి యేడు ఆ పెద్దలు కీర్తిశేషులైరి. ముద్రణము రొదతోనే మా అలమారలో ఉన్నది.

కారణము తరువాత తెలిసినది. తీగె చివరి ప్లగ్గులో రెండు కాళ్ళలో ఒకదాని టంకము పగిలి, సుమారు మూడువందల ఓముల నిరోధము అడ్డుపడినది. పాట రాక మానలేదు. దాని బలము తగ్గినట్లును తోపలేదు. చెడినది ఒక్కటే, రెండు తీగెల నడుమ ఉండవలసిన సమానత్వము. తప్పు మాదే. సభకు ముందు తీగెను పరీక్షింపకపోతిమి. అయినను ఒక చిన్న టంకపు బొట్టు పగిలినంత మాత్రమున ఇంత నష్టము రానేల, రాకుండ చేయు ఉపాయము లేదా అను ప్రశ్న మమ్ము వదలలేదు. దానికి జవాబు వెదకుచు పోగా మేము నూటయేబది సంవత్సరముల వెనుకకు పోవలసి వచ్చెను.

1838లో మ్యూనిచ్ నగరమున స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు టెలిగ్రాఫునకు రెండవ తీగె అక్కరలేదని, తిరుగుదారిగా భూమియే పనికివచ్చునని కనుగొనెను. తీగె ఖర్చు సగమునకు దిగినది. టకటక కొట్టు యంత్రమునకు ఆ యేర్పాటు చాలును. 1876 మార్చి 7న అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందిన తరువాత కంపెనీలవారు అదే పద్ధతిని అనుసరించి, ఊరూర ఒంటి ఇనుపతీగెలు కట్టిరి. కాని చెవి టెలిగ్రాఫు యంత్రము వంటిది కాదు. ప్రక్క తీగెలోని టెలిగ్రాఫు టకటకలు, ఎక్కడనో ఉరిమిన ఉరుములు, ఇరుగుపొరుగు వారి సంభాషణలు అన్నియు దానికి వినవచ్చెను. 1888లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరమున స్ప్రేగ్ విద్యుత్ ట్రాములు నడపి జయము పొందగా, ఇతర నగరములును ఆ దారి పట్టినవి. ట్రాముల ప్రవాహము పట్టాల గుండ భూమిలోనికి దిగి తిరిగి పోవుచుండెను. టెలిఫోనువారు తిరుగుదారిగా వాడుకొనునదియు ఆ భూమియే. భూమి ఎవరిదని ట్రాము కంపెనీలును టెలిఫోను కంపెనీలును న్యాయస్థానముల కెక్కినవి. ఆ వ్యాజ్యములలో ఎవరు గెలిచినను టెలిఫోనులోని రొద మాత్రము తగ్గలేదు.

దాని మందు అప్పటికే కాగితము మీద ఉన్నది. 1881లో బెల్ పొందిన మరియొక పేటెంటు ఉన్నది. లోకము 1876 నాటి పేటెంటునే పొగడును గాని, ప్రసారశాలలో పనిచేయు మాకు ఈ రెండవదియే ఎక్కువ పూజ్యము. భూమిని విడిచి, పోవుటకొక తీగె, వచ్చుటకొక తీగె వాడవలెననియు, ఆ రెంటిని ఒకదానితో నొకటి పెనవేయవలెననియు బెల్ చెప్పెను. పెనవేసిన తీగెలు రెండును రొద పుట్టించు వస్తువునకు సమాన దూరమున ఉండును. దానివలన కలుగు ప్రేరణము రెంటి మీదను సమముగా పడును. చివరనున్న టెలిఫోను రెండు తీగెల నడుమ నున్న భేదమును మాత్రమే వినును గాని, రెంటికి సామాన్యమైనదానిని వినదు.

కావడి మోయువానిని తలచుకొన్నచో ఇది తేలికగా బోధపడును. వాన కురిసి రెండు కుండలలోను నీరు సమముగా పడినప్పుడు బరువు పెరుగును గాని కావడి ఒకవైపు వాలదు. మన సందేశము ఆ వాలులో ఉన్నది; రొద వానవంటిది. అయితే కుండలలో ఒకదాని మూతి ఇరుకైనచో వాన సమముగా కురిసినను నీరు సమముగా చేరదు. అప్పుడు కావడి వాలును, వాన కూడ సందేశమైపోవును. మా ప్లగ్గులోని పగిలిన టంకము ఆ ఇరుకు మూతి.

బెల్ చెప్పినదానిని పనిలో పెట్టిన ప్రముఖులలో జాన్ కార్టీ ఒకడు. బోస్టను ఎక్స్‌ఛేంజిలో కుఱ్ఱవాడుగా చేరి, తరువాత అమెరికా టెలిఫోను సంస్థకు ప్రధాన ఇంజనీరైనవాడు. టెలిఫోను రొదను గూర్చి 1889లోను 1891లోను అతడు వెలువరించిన పరిశోధనలు ఆ శాస్త్రమునకు పునాదులు. స్తంభముల మీద పరచిన తీగెలను పెనవేయుట సాధ్యము కాదు గనుక, కొన్ని స్తంభముల కొకమారు రెండు తీగెలను స్థానము మార్చి కట్టు పద్ధతి వచ్చినది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు పోవును. 1892 అక్టోబరు 18న న్యూయార్క్ నుండి షికాగోకు దూరవాణి మార్గము తెరచినప్పుడు మాట ప్రయాణము చేసినది రాగి జంట తీగెల మీదనే. ఆ ప్రారంభోత్సవమున బెల్ స్వయముగ మాటలాడెను.

కార్టీ 1886లో చేసిన మరియొక చమత్కారము చెప్పక విడువలేము. రెండు జంటల మీద రెండు సంభాషణలు సాగుచుండగా, ఒక్కొక్క జంటను ఒక్కొక్క తీగెగా భావించి, వాని మీద మూడవ సంభాషణను పంపవచ్చునని అతడు చూపెను. తీగె లేకయే మార్గము పుట్టినందున దానికి ఫాంటమ్ అని పేరు వచ్చినది. జంటలోని సమానత్వము ఏమాత్రము చెడినను మూడవవారి మాటలు మొదటివారి చెవిలో పడును. అందుచేత ఆ పనివారు తీగెల సమానత్వమును కొలిచి చూచుకొనవలసి వచ్చెను. మేము సభకు ముందు చేయక విడిచిన పని అదియే.

ఇచ్చట ఒక సంగతి స్పష్టము చేయవలెను. ఇంటిలో ధ్వని పరికరములు చేసికొను ఉత్సాహవంతులలో పెక్కుమంది, చాలకాలము మేమును, రెండు తీగెలలోను సందేశము ఎదురెదురుగా పోవుటచేతనే రొద నశించునని తలచుచుందురు. అది పొరపాటు. కళాశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి వీట్‌స్టన్ బ్రిడ్జి జ్ఞాపకముండును. 1833లో క్రిస్టీ కనుగొనగా 1843లో వీట్‌స్టన్ ప్రచారము చేసిన నాలుగు నిరోధముల వంతెన అది. జంట తీగె అచ్చముగా ఆ వంతెనయే. పంపువైపు రెండు కాళ్ళ నిరోధములు, అందుకొనువైపు రెండు కాళ్ళు భూమికి చూపు నిరోధములు, ఇవి నాలుగు చేతులు. వంతెన సమముగా ఉన్నంతవరకు రొద నడుమకు రాదు. ఒక తీగెలో సందేశమంతయు పంపి, రెండవ తీగెను అంతే నిరోధముతో భూమికి కలిపి ఊరకుంచినను రొద అంతే నశించును. సమానత్వము తీగెల స్థితిలో ఉండవలెను గాని, అవి మోయు సందేశములో కాదు. 1995లో అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల పత్రికలో బిల్ విట్‌లాక్ ఈ సంగతినే ఒక దీర్ఘవ్యాసముగా వ్రాయవలసి వచ్చెను. కార్టీ తరమువారికి నిత్యవ్యవహారమైనది నూరేండ్లలో ఎంత మరుగున పడినదో దీనివలన తెలియును.

రేడియో వచ్చిన తరువాత టెలిఫోనువారి ఈ విద్య ప్రసారశాలకు వారసత్వముగా సంక్రమించెను. స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటరు మరియొకచోట ఉండును. నడుమ జంట తీగెయే వారధి. ధ్వని పరికరములలో చిరకాలము ప్రమాణముగా నిలిచిన 600 ఓముల సంఖ్యయు స్తంభముల మీది టెలిఫోను తీగెల గుణము నుండి వచ్చినదే. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటికి ఈ వ్యవస్థ ప్రపంచమంతట స్థిరపడియుండెను. తీగెకు ఇరువైపుల కాపలా కాయునది ట్రాన్స్‌ఫార్మరు. దాని తీగెచుట్ట భూమిని ఎక్కడను తాకదు గనుక, కాలిలో కొద్ది నిరోధము హెచ్చుతగ్గులైనను అది లెక్కచేయదు. కాని మంచి ట్రాన్స్‌ఫార్మరు బరువు, వెల రెండును ఎక్కువ. ఇంటిలో చేసికొనుటకు అలవి యైనది కాదు.

ఇంతవరకు చెప్పినది బయటి రొదను గూర్చి. పరికరములో పుట్టు లోపలి బుస వేరొకటి ఉన్నది. 1918లో జర్మనీలో షాట్కీ, వాల్వులలో ప్రవాహము నీటిధార వలె గాక ఇసుక రేణువుల వలె ప్రవహించుటచే ఒక సన్నని రొద తప్పదని చూపెను. తరువాత అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్సన్ అను ఆయన, ప్రవాహమే లేని ఉత్త నిరోధము నుండియు బుస పుట్టుచున్నదని కొలిచెను. నైక్విస్టు అను ఆయన దానికి గణితము కట్టెను. ఇద్దరును స్వీడనులో పుట్టినవారే. 1928లో వారి వ్యాసములు రెండును వెలువడినవి. ఆ లెక్క ప్రకారము పది కిలోఓముల నిరోధమొకటి గది వేడిమిలో, మన చెవికి వినబడు 20 కిలోహెర్ట్జుల పరిధిలో, సుమారు 1.8 మైక్రోవోల్టుల బుస పుట్టించును. నిరోధము నూరింతలైనచో బుస పదింతలగును. దానిని ఏ నేర్పరియు తీసివేయలేడు. చల్లబరచవచ్చును, లేక నిరోధమును తగ్గింపవచ్చును. ఇంటిలో రెండవదియే సాధ్యము.

అదే కాలమున మరి రెండు ఉపాయములు పుట్టినవి. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు హడ్సన్ నది దాటు పడవలో ఉద్యోగమునకు పోవుచు, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుట మీద ఒక చిత్రము గీసెను. ఏంప్లిఫయరు బయటికి పంపుదానిలో కొంత భాగమును తిరగవేసి లోపలికి ఇచ్చినచో, బలము తగ్గును గాని తప్పులు అంతకంతకు తగ్గునని దాని సారము. దానికి పేటెంటు వచ్చుటకు 1937 వరకు పట్టినది. రెండవది ఇంగ్లండులోని ఆలన్ బ్లూమ్‌లైన్ కనిపెట్టినది. రెండు వాల్వుల కాళ్ళను ఒక పెద్ద నిరోధమునకు కలిపినచో, ఆ జంట తమకు సామాన్యమైనదానిని విడిచి భేదమును మాత్రమే పెంచును. దానికి అతడు 1936లో పేటెంటు కోరెను. 1937 మే 12న జార్జి చక్రవర్తి పట్టాభిషేకపు ఊరేగింపును బి.బి.సి. టెలివిజన్‌లో చూపినప్పుడు, చిత్రమును హైడ్ పార్కు మూల నుండి అలెగ్జాండ్రా ప్యాలెసుకు లండను నగరమంతట దాటించినది ఒక జంట తీగెల కేబులే. కేంబ్రిడ్జిలో నరముల విద్యుత్తును కొలుచు మాథ్యూస్ ఇట్టి ఏర్పాటునే 1934లో ప్రకటించియుండెను. నరములోని సందేశమునకును రొద బాధ తప్పలేదు కాబోలు. బ్లూమ్‌లైన్ 1942లో రాడార్ పరీక్షకై పోవుచు విమానము కూలి మరణించెను. అప్పటికి అతని వయస్సు 38 సంవత్సరములు.

ఆ రెండు ఉపాయములును కలిసి, వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చి, తుదకు గోరంత సిలికాను ముక్కలో ఇమిడిపోయినవి. 1965లో విడ్లర్ నిర్మించిన 709, 1968లో వచ్చిన 741 అను చిప్పులు పేరుపొందినవి గాని వాని బుస సంగీతమునకు తగినది కాదు. 1970ల చివర సిగ్నెటిక్స్ కంపెనీ తెచ్చిన 5534, 5532 అను చిప్పులతో సంగీత పరికరముల రూపమే మారినది. 5532లోని ఒక ఏంప్లిఫయరు పుట్టించు బుస, సుమారు ఒకటిన్నర కిలోఓముల నిరోధపు బుసతో సమానము. నేడు కోఠీ గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బుతో అది దొరకును. మా ఇంజనీరు మిత్రుడొకరు ఆ చెడిన ముద్రణము విని, ట్రాన్స్‌ఫార్మరు పనిని చేయు బోర్డును ఇంటిలోనే కట్టెదమనిరి. ఆదివారములు వారి వంటింటి ప్రక్క గదిలో కూర్చుంటిమి.

పుస్తకములలోని పద్ధతి ఒక చిప్పు, పది కిలోఓముల నిరోధములు నాలుగు. అది పనిచేయును గాని రెండు చిక్కులు తెచ్చును. దాని ఒక్కొక్క కాలు భూమికి చూపు నిరోధము 20 కిలోఓములు మాత్రమే. తీగెలో 10 ఓముల భేదమున్నచో రొదలో రెండువేలవ వంతు లోపలికి వచ్చును. మా పగిలిన టంకపు మూడువందల ఓములకు అరువదియేడవ వంతు వచ్చినది. పోనిండని నిరోధములను పెంచినచో జాన్సన్ బుస పెరుగును. బుస తగ్గుటకు నిరోధములను తగ్గించినచో కాళ్ళు ఇంకను బలహీనమై బయటి రొద పెరుగును. బయటి శత్రువునకు మందు వేసిన లోపలి శత్రువు బలియును. మా పెట్టెలో నున్నది ఈ పద్ధతియే.

దీనికి విరుగుడు బఫర్ అను రెండు కాపలాదారులు. ఒక్కొక్క తీగె ముందు ఒక్కొక్క 5532 భాగమును, బలము పెంచకుండ యథాతథముగ పంపునట్లు నిలిపితిమి. తీగెవైపు అది లక్ష ఓముల నిరోధము చూపును. ఆ లక్ష ఓముల బుస, తీగె ఆవలి పరికరపు స్వల్ప నిరోధముచే అణగిపోవును గనుక దాని భయము లేదు. లోపలివైపు బఫర్ ఎక్కువ బరువును మోయగలదు గనుక, వెనుకనున్న నాలుగు నిరోధములను ఒక్కొక్క కిలోఓమునకు దించితిమి. ఆ నిరోధముల బుస మూడవ వంతునకు దిగినది. ఇంకను తగ్గింపదలచినవారు ఒకే పనిని కొన్ని చిప్పులకు ఒక్కసారి అప్పగింతురు. బృందగానములో స్వరము అందరిదియు ఒక్కటై పెరుగును గాని, దగ్గులు ఒక్కసారి రావు. నాలుగు చిప్పులు కలిసినచో బుస సగమగును. డగ్లస్ సెల్ఫ్ 2010లో వెలువరించిన గ్రంథమున ఈ మార్గమును విపులముగా చూపెను. విట్‌లాక్ మరియొక అడుగు ముందుకు వేసి, వచ్చిన రొదనే కాలి క్రిందికి తిరిగి ఇచ్చి, నిరోధము కోటి ఓములవలె తోచునట్లు చేయు చిప్పునకు 1996లో పేటెంటు పొందెను. అది మాకు అంగడిలో దొరకలేదు.

పనిలో ఎక్కువ కాలము పట్టినది టంకము కాదు, ఏరుట. ఒక శాతము తేడా గల నిరోధములు నాలుగు కన్నుమూసికొని పెట్టినచో, దురదృష్టవశమున రొదలో ఏబదవ వంతు మిగులవచ్చును. అప్పుడు బఫర్లు ఉండియు ఫలము లేదు. నూరు నిరోధములు కొని, మీటరుతో ఒక్కొక్కటి కొలిచి, వ్రాసి, జతలు కట్టితిమి. విలువ సరిగా వెయ్యి ఓములు కానక్కరలేదు; జతల నిష్పత్తి కుదిరిన చాలును. మిత్రుని తల్లిగారు బియ్యములో రాళ్ళు ఏరినట్లున్నదే అనిరి. ఇంకొక జాగ్రత్త. తీగెపై నుండు అల్లికను బోర్డులోని భూమికి కాక, లోపలికి వచ్చిన చోటనే అల్యూమినియం పెట్టెకు బిగించితిమి. నీల్ మన్సీ 1995లో అదే పత్రికలో వ్రాసిన సంగతి ఇది. పెద్ద కంపెనీల పరికరములలో సైతము ఈ ఒక్క తప్పు వలన రొద ప్రవేశించుచుండెనని అతడు చూపెను.

పరీక్ష సులభమే. రెండు కాళ్ళను ఒకటిగా కలిపి 50 ఆవృత్తుల ఒక వోల్టు ఇచ్చి, బయట ఎంత మిగిలినదో చూచితిమి. మొదటి రాత్రి ఆశించినదానికంటె చాల ఎక్కువ మిగిలినది. ఒక నిరోధపు కాలు సరిగా అతుకలేదు. మరల టంకమే! దానిని సవరించిన తరువాత మీటరు ముల్లు అడుగునకు పడినది. అప్పుడు కావలెనని ఒక కాలిలో మూడువందల ఓముల నిరోధము చేర్చితిమి. మిగిలినది సుమారు మూడువందల ముప్పదవ వంతు. పాత పెట్టెలో అరువదియేడవ వంతు వచ్చియుండెను. అనగా నాటి సభలో ఈ బోర్డు ఉన్నచో రొద బొత్తిగా పోయెడిది కాదు. అయిదవ వంతుకు దిగెడిది. తంబురా క్రింద అది ఉన్నదని మాకు తెలిసెడిది. శ్రోతకు బహుశా తెలిసెడిది కాదు.

ఇప్పుడు ఆ పెట్టె మా బయటి ముద్రణములన్నింటికి వెంట వచ్చుచున్నది. సభకు ముందు తీగె కాళ్ళు రెండును కొలిచి పుస్తకములో వ్రాయు అలవాటును చేసికొంటిమి. ఆ పెద్దల కచేరీని నేటికిని ప్రసారము చేయలేదు. వారి శిష్యులొకరు వచ్చి, రొద ఉన్నను సరే, ఒక ప్రతి ఇమ్మని అడిగి తీసికొని పోయిరి.